పదకొండు చీటీలు

నా పేరు బ్రోనిస్లావా వ్రోనా. వయసు 54. లిపోవా ఊరి బడిలో చరిత్ర చెబుతాను. మా తాత షిమోన్ 1891లో పోలండ్ నుంచి బ్రెజిల్ వచ్చాడు. ఇక్కడ అడవి కొట్టిన మొదటి పద్నాలుగు కుటుంబాలవారిలో ఒకడు.

ఊరికి నూరేళ్లు నిండాయని చర్చి ముందు రాయి నిలుపుతున్నారు. 'ఖాళీ అడవిలో మా పెద్దలు ఊరు కట్టారు' అని చెక్కిస్తున్నారు. ఖాళీ అన్నది అబద్ధం. అక్టోబరు 20న ఉత్సవ సంఘం అధ్యక్షుడు కాజిమిర్ ఇంటికెళ్లి ఆ మాటే చెప్పాను. "అప్పటికే ఇక్కడున్న అడవివాళ్లను పదకొండు మందిని ఊట దగ్గర మనవాళ్లు కాల్చారు. కాల్చినవాళ్లలో మా తాత ఉన్నాడు. అదీ చెక్కించు."

ఆయన నవ్వాడు. "సొంత తాతనే బజారుకీడుస్తారా టీచరమ్మా? సరే, వాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి, చెక్కిస్తా."

పేర్లు నాకు తెలియవు. కాల్చేముందు అడిగినవాడెవడు?

మా నాయనమ్మ ఏటా నవంబరు 2న, మావాళ్ల సమాధుల మీద దీపాలు పెట్టాక, శ్మశానం కంచె బయట పదకొండు కొవ్వొత్తులు వెలిగించేది. ఎవరికని అడిగితే "చలేస్తోంది, పద" అనేది. చనిపోయే ముందు ఊట దగ్గర జరిగింది చెప్పింది.

ఏటా నవంబరు 2న, చనిపోయిన తమవాళ్ల పేర్లు చీటీల మీద రాసి చర్చిలోని రేకు డబ్బాలో వేయడం మా ఆచారం. ఫాదర్ ముందుగా చూడరు, పై నుంచి ఒక్కొక్కటే తీసి చదువుతారు. ప్రతి చీటీకీ ఊరంతా జవాబు చెబుతుంది. ఈ నవంబరు 2న ఉదయం 8.40కి, అందరూ చూస్తుండగానే, అందరికంటే చివర పదకొండు చీటీలు వేశాను.

9.15కి ఫాదర్ చదివారు: 'ఊట దగ్గర చంపిన స్త్రీ. పేరు మేము అడగలేదు.' అలవాటుగా ఊరంతా అంది: "ప్రభువా, నిత్య విశ్రాంతి దయచేయండి." తర్వాతిది: 'ఆమె చంకలోని బిడ్డ. పేరు మేము అడగలేదు.' ఊరంతా అంది.

మూడోదానికి కాజిమిర్ లేచాడు. "ఆపండి ఫాదర్! ఇది ఆ పిచ్చిదాని పని!"

"డబ్బాలో పడ్డాక చదవాల్సిందే. కూర్చో నాయనా," అన్నారు ఫాదర్.

గొంతులు తగ్గుతూ వచ్చాయి. పదకొండోదానికి జవాబు చెప్పినవాళ్లు ఆరుగురు.

పూజ చెడగొట్టానని కాజిమిర్ పోలీసు ఫిర్యాదు ఇచ్చాడు. బడి నుంచి తీసేస్తారట. అరిచింది నేనా? నేను నోరే మెదపలేదు. ఆ ఆరుగురిలో, మూడో వరసలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మీరున్నారు, ఇన్‌స్పెక్టర్ గారూ. అదీ రాయండి.

ఇవన్నీ నేను చెప్పినవే, నిజాలే. చదివి వినిపించారు. ఆరుగురి మాట కొట్టేయనా అని అడిగారు. వద్దన్నాను.

(సంతకం) బ్రోనిస్లావా వ్రోనా