సుల్తాను మెడలో గంట

మేత లేక అమ్మేసిన మంద కోసం పుల్లలచెరువు దొడ్డి ముందు లారీ ఆగింది. మెడలో గంట ఉన్న పొట్టేలు లారీకి వాల్చిన పలక ఎక్కనని మొండికేసింది. ఆ రోజు కాలేజీకి పోకుండా ఆగిన మనవరాలు దిగులుగా ఉన్న తాత ముఖంలోకి చూడలేకపోయింది.

"దీనికి సుల్తానని ఎవురు పేరు పెట్టినారు తాతా?"

"మా నాయన కాలం నుంచీ అంతే. మంద ముందు నడిచి గంట మోసేది ఏదైనా సుల్తానే. యాడి మాటో ఏమో."

"అరబ్బీ మాట. మొదట్లో అధికారం అని అర్థమంట. తర్వాత ఆ అధికారం ఉండే మనిషినే అట్ల పిలిచినారు. పర్షియాకు, టర్కీకి, ఢిల్లీకి పోయి మనదాకా వచ్చింది."

"అంత దూరం వచ్చి గొర్రె మెడలో పడిందా."

"ఈ సుల్తాను లారీ ఎక్కకుంటే?"

"ఒక్కటీ ఎక్కదమ్మా."

"ఎక్కకుంటేనే బాగుండు."

"ఈడుంటే నీళ్లు లేక చస్తాయి."

తాత గంట విప్పి, మోగించుకుంటూ తనే లారీ ఎక్కాడు. గొర్రెలన్నీ ఆ చప్పుడు వెంట ఎక్కాయి. అన్నిటికన్నా చివర, ఉత్త మెడతో సుల్తాను ఎక్కింది.

దిగివచ్చి, గంటను ఆమె చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో తల్లీ, మోగనీయొద్దు. విన్నాయంటే దిగొస్తాయి."