స్టీరింగు మీద వేలు

మెల్‌బోర్న్ వచ్చిన రెండో ఆదివారం, కస్తూరి, సమూయేలు అద్దె కారులో ఊరు దాటి గోధుమ పొలాల మధ్య పోతున్నారు.

"ఈ ఎదురు కారువాడు కూడా స్టీరింగు మీంచి మనకేసి వేలెత్తాడండీ," అంది కస్తూరి.

"చూశాను. మన ఊళ్ళల్లో ఎదురొచ్చే డ్రైవరు చెయ్యి చూపించాడంటే లైటన్నా వెలుగుతుండాలి, టైరన్నా దిగుండాలి."

"ఇందాకే దిగి చూశారుగా."

అయినా అతను కారు పక్కకు ఆపి, టైర్లన్నీ మళ్ళీ తన్ని చూశాడు. ఎదురుగా వస్తున్న వ్యానులోని ముసలాయన ఆగి, అతనితో ఏదో మాట్లాడి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఏమంటాడు?"

"కారుకేం కాలేదంట. ఈ రోడ్ల మీద ఎదురుపడితే అలా వేలెత్తి పలకరించుకుంటారంట."

"తెలిసినవాళ్ళనేనా?"

"ఎవరినైనానంట."

కస్తూరి పొలాలకేసి చూసింది.

"పొద్దున చర్చిలో అందరూ మర్యాదగానే నవ్వారండీ. దగ్గరికొచ్చి పేరడిగినవాళ్ళు లేరు."

"కొత్త కదా. నెమ్మదిగా అదే అలవాటవుద్ది."

"మన పక్కింటావిడ కూడా అంతే. చెత్తడబ్బా బయట పెట్టేసి లోపలికెళ్ళిపోద్ది."

సమూయేలు ఎక్కి కూర్చుని కారు స్టార్ట్ చేశాడు.

"పొద్దు వాలుతోంది. వెనక్కి తిప్పనా? రేప్పొద్దున్నే కారు అప్పజెప్పాలి."

రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉంది. కస్తూరి అప్పటికే చేతిని ముందద్దం కింద డాష్‌బోర్డు మీద ఆనించి, చూపుడువేలు కొంచెం పైకి లేపి ఉంచుకుంది.

"ఎవరో ఒకళ్ళు ఎదురొచ్చేదాకా పోనివ్వండి," అంది. "తర్వాత తిప్పుదాం."