మార్కండి ఇసుకలో పడని లాకు: శ్రీ వైకుంఠరావు గారి ముప్పై ఆరేళ్ల సేవ

1989 జనవరి 16వ తేదీ సోమవారం నాడు బరంపురం దగ్గరి హల్దియాపదర్‌లోని మన తీరప్రాంత సహాయ వాహనకేంద్రంలో సహాయ మెకానిక్‌గా చేరిన శ్రీ పొట్నూరు వైకుంఠరావు గారు, ఈ సెప్టెంబరు 30వ తేదీన ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. సూపరింటెండెంటుగా విరమించవలసిన వారు ఫోర్‌మన్‌గానే వెళుతున్నారన్న వెలితి మనలో చాలామందికి ఉంది. ఆ వెలితికి కారణం చెప్పకుండా తమను పొగడవద్దని వారే ఈ వీడ్కోలు సంచిక సంఘాన్ని కోరారు. "మంచి మాటలు మీ ఇష్టం. డ్రైవరు కాసులు సంగతి రాయకపోతే మాత్రం నా పేరే వెయ్యొద్దు" అన్నారు. అందుచేత ఈ అభినందన వారి ఆజ్ఞకు లోబడి రాసినది.

వారి తండ్రిగారు సన్యాసిరావు గారు టెక్కలి ప్రాంతం నుంచి రైల్వే ఉద్యోగరీత్యా బరంపురం వచ్చి స్థిరపడ్డారు. తండ్రి వెంట రైల్వే షెడ్డుకు వెళ్లి యంత్రాల చప్పుడు వింటూ పెరిగిన వైకుంఠరావు గారు, ఐ.టి.ఐ. చదువు ముగించి, ఇరవై నాలుగవ ఏట మన కేంద్రంలో అడుగుపెట్టారు. పదేళ్లలో మెకానిక్‌గా, మరో తొమ్మిదేళ్లకు ఫోర్‌మన్‌గా ఎదిగారు. తుఫానులకు, వరదలకు పల్లెలు తెగిపోయినప్పుడు మందులూ బియ్యమూ చేరవేసిన మన ఫోర్‌వీల్ జీపులలో వారి చేయి పడనిది ఒక్కటీ లేదు.

కొత్త డ్రైవర్లకు వారు చెప్పే పాఠం ప్రసిద్ధమైనది. జీపు వెనుక చక్రాలు రెంటినీ జాకీల మీద ఎత్తి, గేరులో నిలిపి, ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పమనేవారు. రెండవది దానంతట అది వెనక్కు తిరిగేది. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె చేసే పని అదేనని, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం నడవాలి కనుక రెంటికీ ఆ స్వేచ్ఛ అవసరమని వివరించేవారు. ఆ స్వేచ్ఛే బురదలో శత్రువు అవుతుందని, పట్టులేని చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంటే గట్టినేల మీది చక్రం కదలక నిలిచిపోతుందని, ముందు ఇరుసుకు కూడా శక్తినిచ్చే ఫోర్‌వీల్ వేసినా ఒక్కొక్క ఇరుసుకు ఒక్కొక్క చక్రం జారితే బండి అక్కడే ఉంటుందని చెప్పేవారు. అప్పుడు ఆ పెట్టెను బిగించే డిఫ్ లాక్ లివరు లాగాలి. లాకు పడితే ఇరుసు రెండు కొసలూ ఒక్కటై, గట్టినేల మీది చక్రం బండిని ముందుకు నెడుతుంది. అయితే తారురోడ్డు ఎక్కగానే లాకు తీసేయాలి. తీయకుండా మలుపు తిప్పితే చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఇరుసు విరుగుతుంది.

2014లో ఆ చివరి మాటే ముప్పు తెచ్చింది. గోపాలపూర్ రోడ్డు మీద లాకు తీయడం మరచిన డ్రైవర్ల వల్ల మూడు నెలల్లో రెండు ఇరుసులు విరిగాయి. ఇక చెప్పి లాభం లేదని విసిగిన వైకుంఠరావు గారు, ఒక ఆదివారం ఒంటరిగా షెడ్డుకు వచ్చి, కేంద్రంలోని మూడు జీపుల్లోనూ లివరుకూ లాకుకూ మధ్యనున్న కేబుల్‌ను విప్పేశారు. లివరు మాత్రం చూపుకు యథాస్థానంలోనే ఉంది. తెలిస్తే ఎవరో ఒకరు మళ్లీ బిగిస్తారని ఎవరికీ చెప్పలేదు, రిజిస్టరులో రాయలేదు. వానలకు ముందు అందరికీ మరోసారి శిక్షణ ఇచ్చి తామే బిగించాలనుకున్నారు. పనుల ఒత్తిడిలో వానలే ముందు వచ్చాయి.

ఆగస్టు నెలలో వాయుగుండం పట్టిన ఒక మధ్యాహ్నం, సముద్రతీరాన ఉన్న మార్కండి పల్లెలో పైడన్న అనే మత్స్యకారుని కాలు ఒడ్డుకు లాగుతున్న పడవ కింద నలిగింది. కబురందగానే నాలుగు నెలల క్రితమే చేరిన డ్రైవరు కాసులు జీపు తీసుకుని వెళ్లి, పైడన్ననూ ఆయన భార్య మంగమ్మనూ ఎక్కించుకున్నాడు. తిరుగుదారిలో ఇసుకను కోసిన వాననీటి పాయలో ముందు కుడిచక్రం, వెనుక ఎడమచక్రం దిగబడ్డాయి. మిగతా రెండూ గట్టినేల మీదే ఉన్నాయి. నేర్పిన ప్రకారం కాసులు ఫోర్‌వీల్ వేశాడు, లాకు లివరు లాగాడు. దిగబడిన చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరిగాయే తప్ప బండి జానెడు కదలలేదు. ట్రాక్టరు వచ్చి లాగేసరికి గంటన్నర గడిచింది. పైడన్న కాలును మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది. ఆ గంటన్నర ఆలస్యమే కారణమా అన్నది వైద్యులు తేల్చి చెప్పలేదు. వైకుంఠరావు గారు ఆ సందేహం చాటున ఏనాడూ దాక్కోలేదు.

కానీ మరొకదాని చాటున దాక్కున్నారు. మర్నాడు ఉదయం అందరికన్నా ముందు వచ్చి, బండి కిందికి దూరి, కేబుల్ బిగించేశారు. పాడైనదాన్ని బాగుచేయడం మెకానిక్కు అలవాటే కదా అని ఆ క్షణంలో అనుకున్నారట. పది గంటలకు విచారణాధికారి వచ్చి లివరు లాగి చూస్తే లాకు చక్కగా పడింది. లాకు పడలేదన్న కాసులు అబద్ధాలకోరుగా, ఇసుకలో బండి నడపడం రానివాడుగా తేలి సస్పెండ్ అయ్యాడు. అక్కడే నిలబడి ఉన్న వైకుంఠరావు గారు నోరు విప్పలేదు. పదిరోజుల పాటు భోజనం సయించక, నిద్ర పట్టక తిరిగారని, అడిగితే ఒంట్లో బాగాలేదనేవారని వారి సతీమణి ప్రమోద గారు చెబుతారు.

పదకొండవ రోజు కాసులు వైకుంఠరావు గారింటికి వచ్చాడు. నింద వేయడానికి రాలేదు, కొలువు అడగడానికీ రాలేదు. వరండాలో నేలమీద కూర్చుని అన్నాడు: "గురువుగోరూ, నాను లివరు లాగినానండి. తేలిగ్గా వచ్చీసింది. మరి మర్నాడు అందరి ముందూ లాకు పడింది గదా. నాను లాగినాననుకుంటన్నాను గానీ, బయంలో అసలు లాగనేదేమో. మీరే సెప్పండి, నాను ఏటి తప్పు సేసినాను?"

తనకు అన్యాయం చేసినవాడి ఎదుటే కూర్చుని, ఆ కుర్రవాడు తన చేతినే తాను శంకించుకుంటున్నాడు. వైకుంఠరావు గారు లోపలికి వెళ్లి కాగితం తెచ్చి, అతని ముందే జరిగినదంతా రాసి, చదివి వినిపించి, సంతకం చేశారు. కాసులు తిరిగి విధుల్లో చేరాడు. వైకుంఠరావు గారి పదోన్నతి ఆగిపోయింది, తరువాత ఎన్నడూ రాలేదు. దాని గురించి వారు ఒక్క అర్జీ పెట్టుకోలేదు.

ఆ వారమే మార్కండి వెళ్లి పైడన్న ఇంటి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నారు. మంగమ్మ, "సెప్పడానికొచ్చినావు, సెప్పినావు, ఇన్నాం. ఇంక ఎల్లు బాబూ" అన్నది. ఆ మాటను శాశ్వతమైన తీర్పుగా తీసుకుని వారు మళ్లీ ఆ ఊరివైపు వెళ్లలేదు. మార్కండి పిలుపు వస్తే బండిని సిద్ధం చేసి పంపేవారే కానీ తాము ఎక్కేవారు కాదు.

అప్పటి నుంచి మన షెడ్డులో ఏ భాగం విప్పినా స్టీరింగుకు ఎర్రచీటీ కట్టనిదే బండి కదలదు. కొత్తవారికి చెప్పే పాఠాన్ని వారు తమ తప్పుతోనే మొదలుపెట్టేవారు. పదకొండేళ్లలో పదుల సంఖ్యలో డ్రైవర్లు ఆ పాఠం విన్నారు. ఇకమీదట ఆ పాఠాన్ని చెప్పబోయేది నేడు మన సీనియర్ డ్రైవరైన శ్రీ కాసులు గారే.

ఈ వీడ్కోలు సభకు ఆహ్వానం ఇవ్వడానికి కాసులు గారు గతవారం మార్కండి వెళ్లారు. పైడన్న ఇప్పుడు కృత్రిమపాదంతో ఒడ్డున వలలు బాగుచేస్తున్నారు. కార్డు అందుకున్న మంగమ్మ గారు సభలకు రాలేమని చెప్పి అన్న మాట ఇది: "ఆ బాబు మళ్లీ వస్తాడనుకున్నాం. ఆ దినం కోపం గదా, ఎల్లమన్నాను. కోపం ఎన్నాళ్లుంటాది? ఈయన శానాసార్లు అడిగినాడు, ఆ బాబు ఏటి రానేదని."

ఈ మాట వినిపించినప్పుడు వైకుంఠరావు గారు చేతిలోని పాన చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు. "పదకొండేళ్లు" అని మాత్రం అన్నారు.

ఆ ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇకపై వచ్చే ఏళ్లనైనా భగవంతుడు వారికి నిండుగా ఇవ్వాలని, ప్రమోద గారి తోడుతో చెక్కుచెదరని ఆరోగ్యంతో వారు నూరేళ్లు జీవించాలని, డ్యూటీ లేకపోయినా మార్కండి దాకా వెళ్లి పైడన్న పక్కన కూర్చునే తీరికా ధైర్యమూ వారికి కలగాలని మన కేంద్రమంతా కోరుకుంటోంది. బండి ఎప్పుడు కావాలన్నా తానే నడుపుతానని కాసులు గారు చెప్పమన్నారు.