నేల మీద గోడగడియారాలు

బాల్కనీకి ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు కట్టిన మూడో అంతస్తు ఫ్లాటు. తలుపు సగం తెరిచి పట్టుకున్నది గడియారాలు బాగుచేసే పెద్దాయన, లోపలి గదిలో పడుకున్నది ఆయన భార్య. గుమ్మంలో కాలు అడ్డం పెట్టి నిలబడ్డది ఇళ్ళ ఏజెంటుగా చేరి నెల కూడా నిండని మనిషి. పొద్దుటి నుంచి ఆమె తట్టిన తొమ్మిదో తలుపు ఇది. దీన్ని కూడా మొహం మీద వేయించుకునే ఓపిక ఆమెకు లేదు.

“కాలు తియ్యమ్మా, తలుపు వేసుకోవాలి.”

“వేసుకోండి బాబాయ్ గారూ, నేను లోపలికొచ్చాక.”

“ఏజెంట్లు అక్కర్లేదని చెప్పానా?”

“చెప్పారు. బోర్డు కట్టి రావద్దంటే ఎలాగండీ? భోజనానికి పిలిచి తలుపేసుకున్నట్టుంది.”

“నా ఇల్లు, నా ఇష్టం. అయినా నీ మంచికే చెబుతున్నా, ఇది ఎవరూ కొనరు. గోడలన్నీ నెమ్ము. అదిగో, ఆ మూల చూడు, ఇక్కణ్ణుంచే కనబడుతుంది.”

“కనబడట్లేదు. దగ్గరికెళ్ళి చూస్తాను.”

“ఇదిగో, ఇదిగో, ఆగు...”

“ఇదా? ఇది నెమ్ము కాదు బాబాయ్ గారూ.”

“నెమ్ము కాక?”

“టీ.”

“ఏంటి?”

“టీ పోశారు. ఏజెంటు కాకముందు పదేళ్ళు ఇళ్ళకి రంగులు వేశానండీ. నెమ్ము కింద నుంచి పైకి పాకుతుంది, గోడ పొడిపొడిగా రాలుతుంది. ఇది పై నుంచి కారింది. చీమలు కూడా పట్టాయి.”

“ఎవరండీ అక్కడ?”

“ఎవరూ లేరు, నువ్వు పడుకో.”

“ఎవరూ లేకపోతే టీ సంగతి ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఎవరో ఏజెంటమ్మాయిలే. వెళ్ళిపోతోంది.”

“వెళ్ళడం లేదు పిన్నిగారూ.”

“రంగులు వేసుకునేదానివి, నీకీ పనెందుకమ్మా?”

“నిచ్చెన మీంచి పడ్డాను బాబాయ్ గారూ. భుజం పోయింది, చెయ్యి పైకి లేవదు. నోరు లేస్తుంది.”

“అది చూస్తూనే ఉన్నా. పరిచయాలున్నాయా? ఇది పరిచయాల మీద నడిచే వ్యాపారం.”

“మా మేనేజరూ అదే అన్నాడు. చేరినరోజే ఒక కాగితం చేతికిచ్చి, తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయమన్నాడు. కొత్తగా ఎవరు చేరినా అదే పద్ధతట. మొదటి బేరాలు ఆ వందలోంచే రావాలట.”

“రాశావా?”

“పదకొండు.”

“పదకొండేనా?”

“అందులో ఒకాయన పోయాడు. ఇద్దరు నా ఫోనెత్తరు. మిగతావాళ్ళు నాతో రంగులు వేసినవాళ్ళు. ఊళ్ళో సగం గోడలు వాళ్ళకి తెలుసు, సొంత గోడ ఒక్కరికీ లేదు.”

“మేనేజరేమన్నాడు?”

“నవ్వాడు. పక్క కుర్చీవాడికి చూపించి మరీ నవ్వాడు. ఇవాళ సాయంత్రం లోపు ఒక్క కొత్త బేరానికైనా సంతకం తేకపోతే, ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి మళ్ళీ నిచ్చెనెక్కమన్నాడు.”

“ఎక్కలేవుగా?”

“అది వాడికీ తెలుసు. అందుకే కార్డు పెట్టను. నవ్విన నాపచేనే పండుతుంది.”

“పండితే పండనీ. నా దగ్గర మాత్రం పండదు. నేనీ ఇల్లు అమ్మను.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీరు అమ్మరని. అమ్మలేరని.”

“అంటే?”

“ఈ గదిలో గోడగడియారాలు ఎన్నున్నాయండీ?”

“ఏమో, ఇరవయ్యో ఎన్నో. బాగుచెయ్యాల్సినవి కొన్ని, నావి కొన్ని. ఎందుకూ?”

“అన్నీ నేల మీదే చేరేసి ఉన్నాయి. ఒక్కటీ గోడకెక్కలేదు.”

“దానికీ దీనికీ ఏంటి?”

“మేకుల చిల్లులకి లప్పం పెట్టేది నేనేనండీ. సొంతిళ్ళలో ఆ చిల్లులు పూడ్చలేక చేతులు పడిపోయేవి. మేకు లేని గోడ అద్దెవాళ్ళదే. ఎన్నేళ్ళయింది ఇక్కడ?”

“...పంతొమ్మిది.”

“పంతొమ్మిదేళ్ళూ వంగే టైము చూశారా?”

“మేకు కొడితే ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. ఆయనేనా నిన్ను పంపింది? కొనడానికొచ్చినవాళ్ళని తరిమేస్తున్నానని, చూసి రమ్మన్నాడా?”

“ఆయనెవరో నాకు తెలీదు. ఆయన చుట్టూ బెల్లం చుట్టూ ఈగల్లా ఏజెంట్లుంటారు, అక్కడ నన్ను చూసేదెవరు? ఈ ఇల్లు అమ్ముడైతే ఇంకో ఇల్లు కావలసింది ఎవరికా అని ఆలోచించాను. ఆ తలుపు ఎవరూ తట్టరు.”

“నాకింకో ఇల్లు అక్కర్లేదు. కదలను.”

“టీ ఎన్నాళ్ళు పోస్తారు?”

“పొడి ఉన్నన్నాళ్ళు.”

“పొయ్యండి. ఈలోపు నేను మేకు కొట్టుకోనిచ్చే ఓనర్ని వెతుకుతాను. ఆ మాట ఒప్పందంలో రాయిస్తాను. నచ్చకపోతే రావద్దు. ఇల్లు వెతికిపెట్టమని, పన్నెండో పేరు కింద ఒక్క సంతకం పెట్టండి, చాలు.”

“దొరకదమ్మా. నాలుగు చోట్ల అడిగాను. ముసలివాళ్ళకి కుదరదన్నారు. పగలూ రాత్రీ ఆ టిక్కుటిక్కులు ఎవరు వింటారన్నారు.”

“కుదరదని మీతో అన్నారు. నాతో ఇంకా అనలేదుగా.”

“ఆ కాగితం ఇలా తే అమ్మా.”

“నువ్వెందుకు లేచొచ్చావే, మోకాలు...”

“మోకాలి సంగతి తర్వాత. ముందు మీరు సంతకం పెట్టండి. ఊఁ, ఇక్కడ. ఏమ్మా, వంద పేర్లన్నాడా మీ మేనేజరు?”

“అవును పిన్నిగారూ. బాబాయ్ గారితో పన్నెండు. ఇవాళ్టికి నాకిది చాలు.”

“పన్నెండు దగ్గర ఆగుతావేంటి? మా బాల్కనీ వీధిలోకి కనబడుతుందని బోర్డు ఇక్కడ కట్టారు గానీ, అమ్మేది మా ఒక్క ఇల్లు కాదు, బిల్డింగు మొత్తం. ఇరవై నాలుగు కాపురాలు, అన్నీ అద్దెవే, ఎవరి గోడకీ మేకు లేదు. పెన్ను పట్టుకో, కింది అంతస్తు నుంచి పేర్లు చెబుతాను.”