అవ్వ మడుగు వదల్లేదు

సఫారీ జీపులో వచ్చిన అతిథులు తుమ్మచెట్టు నీడన భోజనానికి కూర్చున్నారు. బండి దగ్గర డ్రైవరు కోయినెట్, జాడలు తీసే అతని మేనమామ పర్మువాత్ మిగిలారు. ఎదురుగా మడుగులో, అక్కడి పశువుల కాపరులైన మాసాయిలంతా అవ్వ అని పిలిచే ముసలి ఏనుగు మేస్తోంది.

"మళ్ళీ ఉమ్మేసింది, చూశావా మామా?"

"ఏనుగన్నాక మేస్తుంటే నాలుగు పరకలు రాలవా. నువ్వు టీ తాగు, చల్లారిపోతోంది."

"రాలడం కాదు. ఇందాక బెరడు వలిచి, చప్పరించి చప్పరించి ముద్ద కింద పడేసింది. ఇదిగో, ఇదే. పీచు పీచుగానే ఉంది."

"పారేయ్. చెయ్యి కడుక్కో."

"పేడ కూడా చూశాను. గడ్డి గడ్డిలాగే ఉంది. అవ్వకి దవడపళ్ళు లేవు మామా. ఆఖరివి కూడా అరిగిపోయాయి."

"ముసలిది. అరగవా మరి?"

"ఇంత తాపీగా అంటావేం? అవ్వ మడుగు వదల్లేదు, అంటే వాన దగ్గర్లోనే ఉందని ఊరంతా కూర్చుంది. ఏ కరువులోనైనా అవ్వ కొండ దాటాకే కదా మనం మందలు తోలేది."

"అవును. అంతే."

"అది వాన కోసం ఆగలేదు. మెత్తటి తుంగ తప్ప ఇంకేదీ నమల్లేక ఆగింది. దాన్ని చూసి మనం ఆగాం."

"మెల్లగా మాట్లాడు. అతిథులు చూస్తున్నారు."

"చూడనీ. అదిగో ఆ పెద్దావిడ, ఏనుగు ఆ ముద్దలు పిల్లల కోసం పెడుతోందా అని అడిగింది. అవునన్నాను. ఏం చెప్పమంటావు?"

"మంచి పని చేశావు."

"నిన్న మా ఇంట్లో ఇంకో ఆవు కూలబడింది. అమ్మ దాని మెడ పట్టుకుని, కాస్త ఓర్చుకోవే తల్లీ, వానొచ్చేస్తోంది అంటోంది. సాయంత్రం పెద్దలతో చెప్పు మామా. నా మాట వినరు, నీ మాటైతే వింటారు. తెల్లారేసరికి కొండ దాటిద్దాం. నడవగలిగినవైనా మిగులుతాయి."

"వద్దు."

"వద్దా?"

"వద్దురా."

"నీకు ముందే తెలుసు కదూ? పళ్ళ సంగతి."

"చాన్నాళ్ళయింది."

"తెలిసీ నోరు మూసుకున్నావా? మా అమ్మ నీ చెల్లెలు కదా మామా."

"అందుకే మూసుకున్నాను. కొండ అవతలికి వెళ్ళి చూసొచ్చానురా. చెలమలన్నీ ఎండిపోయాయి, గడ్డి పరక లేదు. వానొస్తుందనే అనుకోనీ మీ అమ్మని."