తగిలించినవాడే తీయాలి

"దీపావళికల్లా గోడ మీద ఈ చిన్న స్క్రీన్ వెలుగుతాది, కుళాయిలో వేడినీళ్ళొస్తాయి. ఇది సూర్యప్రకాష్ మాట."

అక్టోబరు పదకొండున, కోహ్కాలో మా తాత గురునాథరావు మంచం పక్కన నిలబడి అన్న మాట అది. డిసెంబరు ఇరవై ఏడున అదే సూర్యప్రకాష్, సుపేలాలో నరేంద్ర టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని కథ మొదలెట్టాడు. ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యి ఇప్పుడు ఇళ్ళల్లో పనులు చేస్తున్నాడు. బెంచీ చివర నేనున్నట్టు చూసుకోలేదు.

"వాసుదేవరావన్నా, థర్మోస్టాటంటే ఏటనుకున్నావ్? బాయిలర్‌కి బుర్ర. గురునాథరావు గారింట్లో ఆ బుర్ర పనిచెయ్యట్లేదు. అమ్మినోళ్ళు ముగ్గురొచ్చి చేతులెత్తేసారు. నేను మూత తీసాను. తీగలు మూడే ఉన్నాయి. కరెంటు వెళ్ళడానికి దారుంది, తిరిగి రావడానికి నాలుగో తీగ లేదు. అదీ జబ్బు."

"ఓస్, అంతేనేటి?" అన్నాడు వాసుదేవరావు.

"అంతేనా? ఆ తీగ గోడలో ఎక్కడో దాక్కుంది. చెవి ఆనించాను, ఊపిరి వినిపించింది. రెండు వేళ్ళతో పట్టి లాగితే వస్తోంది, వస్తోంది, ఇంటి తీగయిపోయి వీధి తీగ, వీధిదయిపోయి సెక్టర్ సిక్స్ తీగ, అక్కడ స్తంభాలన్నీ నాకేసి వంగి దండాలెడుతున్నాయి. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా?"

పాలు పొంగుతున్నా నరేంద్ర చూడలేదు. "క్యా హువా, చాచా?"

"తగిలించాను! నలభై డిగ్రీలు చాలమ్మా అన్నాను థర్మోస్టాట్‌తో. సంబరంలో అది నాలుగొందలకెళ్ళిపోయింది. కోహ్కా జనం స్వెటర్లు విప్పి ఫ్యాన్లేసుకున్నారు. శివనాథ్ నదిలో చేపలు ఉడికి తేలిపోతే, దుర్గ్ వాళ్ళు ఉప్పూకారం పట్టుకుని గట్టుకి పరిగెట్టారు. ఫర్నేస్ కాడ్నుంచి ఫోను, 'సూర్యప్రకాష్ జీ, మీ బాయిలర్ ముందు మా కరిగిన ఇనుము చలికి వణుకుతోంది, కాస్త తగ్గించండి' అని. ఆఖరికి సూరీడు, ఈ ఊళ్ళో నాకేటి పని అని రెండ్రోజులు సెలవెట్టేసాడు!"

బెంచీలు ఊగేలా నవ్వారు. నేను లేచాను.

"మావయ్యా, ఆ బాయిలర్ స్విచ్ మీద ఏం వేలాడుతోందో కూడా చెప్పు."

అతను ఉలిక్కిపడ్డాడు. "ఒరే అనిరుధ్, నువ్వెప్పుడొచ్చావురా?"

"నీ ఎర్ర ట్యాగ్. 'మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయొద్దు. సూర్యప్రకాష్.' స్విచ్ కట్టేసి, అది తగిలించి, తీగ తెస్తానని వెళ్ళావు. డెబ్బయి ఏడు రోజులైంది."

వాసుదేవరావు నవ్వు ఆగిపోయింది. ప్లాంటులో ముప్పై ఏళ్ళు చేసినవాడు, అతనికి విడమర్చి చెప్పక్కర్లేదు. "తగిలించినోడే తియ్యాలి కదేటి, సూర్యం," అన్నాడు మెల్లగా.

"ఇంకో ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చాను. తాత ట్యాగ్ ముట్టుకోనివ్వలేదు. కుర్రతనంలో ఏదో చిన్న మిల్లులో, ఇంకొకరి ట్యాగ్ తీసి ఎవడో స్విచ్ వేస్తే ఆయన జతగాడు మిషన్ లోపలే పోయాడు. పక్షవాతంతో పడిపోయిన మనిషి, వంకరపోయిన నోటితో అదే మాట. 'లోపల మనిషుంటాడ్రా.' పోయిన వారం సలసల కాగే నీళ్ళ గిన్నె స్టవ్ మీంచి మోసుకెళ్తూ నానమ్మ పాదం కాల్చుకుంది. అప్పటి నుంచి ఆయనకి చన్నీళ్ళే."

"ఫోను పాడయ్యిందిరా..."

"మే డే సభలో మైకు పట్టుకుని 'శ్రమకు గౌరవం' అని అరిచింది నువ్వే. నీ శ్రమని గౌరవించి వణుకుతున్నది ఆయనొక్కడే. చేపలుడికించావు, సూరీణ్ణి సెలవు పెట్టించావు. ఒక్క ముసలాయన వీపు మీదకి చెంబెడు వేడినీళ్ళు పొయ్యలేకపోయావు."

సూర్యప్రకాష్ ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. నరేంద్ర స్టవ్ కట్టేశాడు.

"ఎందుకు రాలేదో నాకు చెప్పక్కర్లేదు. మంచం పక్కన నిలబడి తాతకి చెప్పు. చెప్పి, నీ చేత్తో ఆ ట్యాగ్ తియ్యి. డిసెంబరు ముప్పై ఒకటి, సాయంత్రం అయిదింటిలోగా."