ఏడాదికి ఒక్క తల

చిక్కు జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే శౌరమ్మ, కొండపల్లిలో ఓ ఇంటి వరండాలో గంప దించి, ఇంటావిడ ఇచ్చిన కవరులో చెయ్యి పెట్టింది.

“కవరు నిండలేదు శౌరమ్మా. అయినా ఈ రోజుల్లో పొడుగు జుట్టు ఎవరికుంది చెప్పు!”

“నన్నడగండి, నేను చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల తలలన్నీ నా చేతుల మీదుగానే పోతున్నాయి. వంద గడపలు తిరిగితే నడుం దాటిన జుట్టు నాలుగిళ్లలో ఉంటుంది. మోకాళ్ల దాకా అంటారా, ఏడాదికి ఒక్క తల. అంతే.”

“ఈ ఏడాది ఎవరింట్లో దొరికిందేమిటి?”

శౌరమ్మ కవరులోని జుట్టు ఉండలోంచి ఒక తెల్ల వెంట్రుకను మెల్లగా లాగి మోచేతికి కొలిచింది. రెండున్నర మూరల పైనే వచ్చింది.

“మీ ఇంట్లోనేనండీ.”

“ఊరుకో! నాది భుజాల దాకానే. మా అమ్మాయిది బాబ్ కట్.”

“ఇంకెవరున్నారు?”

“మా అత్తగారు. మా దగ్గరికొచ్చి ఆర్నెల్లు కాలేదు. చర్చిలోనూ ఇంట్లోనూ నెత్తిన కొంగు తియ్యరు. ఆవిడ జడ వేసుకోగా నేను చూళ్లేదు.”

“వేసుకోలేరండీ. మిగతావి చూడండి, అన్నీ సగంలో తెగిపోయాయి. చెయ్యి వెనక్కి అందక, ముందుకు లాక్కుని దువ్వుకుంటున్నారు.”

“నాతో ఒక్క మాట అనలేదే!”

“అడిగే మనిషైతే అంత జుట్టు కొంగు కింద దాస్తారా?”

ఇంటావిడ గిన్నె సంగతి మరిచిపోయి గుమ్మంలోకి తిరిగింది.

“అత్తయ్యా, ఇలా వెలుతురులోకొచ్చి కూర్చోండి. దువ్వెన నేను తెస్తున్నాను.”